పాము కప్పులో ఆడమనిషి

పాత పింగాణీ అమ్మేవాళ్లని నేను నమ్మను. కొత్త కప్పుని టీ డికాషన్‌లో నానబెట్టి పాతదంటారు. విరిగిన చెవిని గమ్ముతో అతికించి, ఆ అతుకు మీద బొటనవేలు ఆనించి మరీ చూపిస్తారు. అందుకే ఏ కప్పు చేతికొచ్చినా గోటితో మీటి వింటాను, అడుగున "మేడ్ ఇన్ జపాన్" ముద్ర గీకి చూస్తాను, ఫోన్ టార్చి వేసి ఇటూ అటూ తిప్పుతాను. మా ఆయన దీన్ని పోలీసు తనిఖీ అంటాడు. అననీ.

చోడవరంలో జపాన్ కప్పులేమిటని బయటివాళ్లు ఆశ్చర్యపోతారు. మా వైపు ఊళ్లనుంచి ఎంతోమంది రంగం వెళ్లారు. బర్మాలో రంగూన్‌ని మావాళ్లు అలాగే అంటారు. తిరిగొచ్చేటప్పుడు ట్రంకుపెట్టెల్లో జపాన్ పింగాణీ తెచ్చుకున్నారు. ఇప్పుడు వాళ్ల పెంకుటిళ్లు పడగొట్టి డాబాలు వేస్తుంటే అటక మీది సామానంతా కిందికి దిగుతోంది. వడ్డాది సంతలో ఒకావిడ పెరుగు ముంత మీద మూతగా పెట్టిన సాసరు కోసం, ముంతెడు పెరుగూ కొనుక్కొచ్చాను.

ఈ పిచ్చి నాకు పట్టించిన కప్పు మాత్రం నా దగ్గర లేదు. అది అమ్మమ్మది. బూడిదరంగు కప్పు, చుట్టూ ఉబ్బెత్తుగా డ్రాగన్. అమ్మమ్మ దాన్ని పాము కప్పంటుంది. పెళ్లయిన కొత్తలోనే తాత రంగం వెళ్లి, కొన్నేళ్లుండి వచ్చాడు. వచ్చిన మర్నాడు ఆ కప్పులో తనే టీ పోసి అమ్మమ్మకిచ్చాడట. ఆఖరి గుక్క కోసం ఆవిడ కప్పు ఎత్తేసరికి, ఎండకి అడుగున ఒక ఆడమనిషి ముఖం కనబడింది. పెద్ద కొప్పు, వాల్చిన కళ్లు.

"ఇదెవులు?" అందట. తాత నవ్వాడు. ఆ నవ్వే కొంప ముంచింది. రంగంలో ఉంచుకున్నదాని బొమ్మ చేయించుకొచ్చాడని ఆవిడ తీర్మానించేసింది. కప్పుని పాత చీరముక్కలో చుట్టి పెట్టెలో పడేసింది. అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు. ఆవిడ అలిగినప్పుడల్లా తాత మాడుగుల వెళ్లి హల్వా తెచ్చేవాడు. ఆ నిందతోనే పోయాడు పాపం. తాతంటే నాకు ప్రాణం. ఆయన చిలక ముక్కు ఇంట్లో నాకొక్కదానికే వచ్చింది. ఎలాగైనా ఆ నింద తుడిచెయ్యాలనుకున్నాను. కప్పు మీద ఆశ కూడా ఉంది, అబద్ధమెందుకు.

అది అచ్చులో పోసిన బొమ్మని, పింగాణీ పల్చగా ఉన్నచోట వెలుగు ఎక్కువ దిగి అలా ముఖంలా కనిపిస్తుందని, అలాంటి కప్పులు జపాన్ వాళ్లు లెక్కలేనన్ని చేశారని అమ్మమ్మకి చెప్పాను. ఫోన్లో ఫొటోలూ చూపించాను.

"ఫోన్లో ఏటైనా సూపిత్తారు. మొన్న మీ ఆయన నన్ను పులి మీద కూకోబెట్టేడు కాదా?" అంది. "ఇదే మొకం ఉన్న కప్పు ఇంకోటి అట్టుకురా. అప్పుడు ఇది నీకిచ్చెత్తాను."

చాలాకాలం వెతికాను. పాము ఉన్న కప్పులు దొరికాయి గానీ అడుగున ముఖం లేదు. కిందటి వేసవిలో మాడుగులలో ఒక పాత ఇల్లు పడగొడుతున్నారని తెలిసి వెళ్లాను. ఇంటావిడ సామాను అరుగు మీద పెట్టి అమ్ముతోంది. ఇత్తడి చెంబుల మధ్య పాము కనబడింది. టార్చి వేశాను. అదే కొప్పు, అవే కళ్లు.

"ఇదెక్కడిదండీ?" అన్నాను, దొంగసొత్తేమోనని.

"మాయమ్మదండి. ఎవులో ఇచ్చేరంట" అందావిడ. బేరమైనా ఆడకుండా తెచ్చేసుకున్నాను.

అమ్మమ్మ వాకిట్లో మంచం మీద కూర్చుని ఉంది. పెట్టెలోంచి ఆవిడ కప్పు తీసి, రెండూ చేతికిచ్చాను. ఒకదాని తర్వాత ఒకటి ఎండకెత్తి చూసింది.

"చూశావా? ఇద్దరూ ఒకటే. తాత ఏ పాపం ఎరగడు. నీ కప్పు నాకిచ్చెయ్యి మరి."

ఆవిడ కళ్లు తడిశాయి. నాకు జాలేసింది, గెలిచానని గర్వంగానూ ఉంది.

"ఎక్కడ దొరికిందే?"

"మాడుగులలో."

కప్పులు రెండూ మెల్లగా మంచం మీద దించింది.

"నాను తీపి నోట్లో ఎట్టనని మీ తాతకి తెలుసు" అంది. "అయినా ఆ అలవా కోసం వారం వారం ఎల్లేవోడు."

రంగంనుంచి ఆ ఊరివాళ్లూ వచ్చారని, వాళ్లూ ఇలాంటివి తెచ్చుకుని ఉంటారని గడగడా చెప్పాను. నా మాటలు నాకే అబద్ధాల్లా వినిపించాయి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

"రెండూ ఇక్కడే ఉంచు. నా కళ్ల ముందుండాల" అంది. "నీకమ్మినావిడికి ఎంత వయసుంటాది?"

"యాభై దాటి ఉంటాయేమో."

"ముక్కెలాగుంది? మీ తాత ముక్కులాగుందా?"

నా చెయ్యి నా ముక్కు మీదికి వెళ్లింది. ఆ కప్పు అంచు, చెవి, అడుగు, ముద్ర అన్నీ టార్చి వేసి మరీ చూశాను. దాన్ని నా చేతికిచ్చిన మనిషి ముఖం మాత్రం ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు.