ఎడమ కాలికి పని లేని బస్సు

వెన్నపూస భార్య పెళ్లయిన కొత్తలోనే ఆయనకి కుడివైపు పడుకోవడం అలవాటు చేసుకుంది. ఎడమవైపు పడుకుంటే తన్నులు తినాలి. మనిషి చెయ్యెత్తే రకం కాదు, గట్టిగా కసరడం కూడా చేతకాదు పాపం. ఆ తన్నులు ఆయనవి కావు, ఆయన ఎడమ కాలివి. కన్ను మూతపడిందో లేదో ఆ కాలు పరుపు మీద క్లచ్ కోసం వెతుక్కునేది. దొరికిందనుకుని గట్టిగా తొక్కేది. కొంచెం ఆగి, మెల్లగా వదిలేది. నిద్రలో కూడా గేరు మార్చుకునే మనిషిని కట్టుకున్నానని ఆవిడ ఇరుగుపొరుగుతో చెప్పి నవ్వించేది. ఈ మధ్య ఆ ముచ్చట చెప్పడం మానేసింది.

వెన్నపూస అన్నది డిపోలో పెట్టిన పేరు. ఆయన బస్సు ఆపితే ఆగినట్టు తెలియదు, కదిపితే కదిలినట్టు తెలియదు. నిలబడ్డవాళ్లు కమ్మీ పట్టుకోకపోయినా తూలరు. నెలలు నిండిన ఆడవాళ్లు ముందొచ్చిన బస్సు వదిలేసి ఆయన బస్సు కోసం ఆగేవారు. ఈ సంగతి ఆయనకి తెలుసు. తెలియనట్టు మొహం పెట్టేవాడు గానీ లోపల పొంగిపోయేవాడు. గొప్ప చెప్పుకోవడానికి ఆయన దగ్గర ఇంకేమీ లేదు మరి, ఇదొక్కటే ఉంది.

దీనికి ఆయన ఒళ్లు హూనం చేసుకున్నాడు. పాత డీజిల్ బస్సులో ఇంజిన్ డ్రైవరు పక్కనే, పెద్ద ట్రంకుపెట్టెలాంటి మూత కింద ఉంటుంది. ఆ మూత మీద అన్నం క్యారియర్ పెడితే మధ్యాహ్నం దాకా పొగలు కక్కుతూనే ఉంటుంది. బాగానే ఉంది, కానీ ఆ వేడికి పక్కన కూర్చున్న మనిషి కూడా ఉడకాలి కదా. ఆ మోతకి ఎడమ చెవి సగం పోయింది. ఇంట్లో ఏ మాటైనా కుడివైపు నుంచి చెప్పాలి. ఇక క్లచ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. బజారు రోడ్డులో పది గజాలకొకసారి దాన్ని తొక్కడమంటే గోడని కాలితో నెట్టడమే. అందరూ అంతే తొక్కుతారు గానీ, కుదుపు లేకుండా వదలాలంటే సగంలో పట్టి ఉంచాలి, బరువంతా మోకాలు మోయాలి. అలా మోసీ మోసీ ఆ మోకాలు మెట్లెక్కనని మొండికేసింది. డాక్టరు ఫొటో తీయించి చూసి, "మోకాలు కావాలా, క్లచ్ కావాలా, మీరే తేల్చుకోండి" అన్నాడు. అదేదో కాఫీ కావాలా టీ కావాలా అన్నట్టు అడిగాడు మహానుభావుడు.

అందుకే డిపోకి కరెంటు బస్సులు వస్తున్నాయనగానే మొహం విప్పారింది ఆయన ఒక్కడికే. మిగతావాళ్లు ఒకటే గొణుగుడు. ఇంజిన్లు లేకపోతే మా గతేంటని మెకానిక్కులు. దారిలో చార్జింగ్ అయిపోతే ఎవడు తోస్తాడని డ్రైవర్లు. బస్సులేమో ఎక్కువ, చార్జింగ్ పాయింట్లేమో తక్కువ, నల్లా దగ్గర బిందెల్లాగా వరసలో నిలబెడతారా అని ఇంకొకరు. ఆ గొణుగుడులో అబద్ధమేమీ లేదు. వెన్నపూస మాత్రం ఎవరి మాటా పట్టించుకోకుండా కొత్త బస్సెక్కి సీట్లో కూర్చుని కిందికి చూశాడు. రెండే పెడళ్లు. పక్కన ఇంజిన్ లేదు, వేడి లేదు, వణుకు లేదు. ఎడమ కాలి ముందు ఖాళీ. ఆ ఖాళీ చూడగానే ఆయనకి కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇంటికెళ్లి కుట్టుమిషన్ దగ్గరున్న భార్యతో చెప్పాడు. "ఎడమ కాలికి పనే లేదే! మహారాజులా కూర్చోవచ్చు దాన్ని."

"మీ కాలు కూర్చుంటుందా?" అందామె, సూదిలోకి దారం ఎక్కిస్తూ. ఆయన నవ్వేశాడు.

శిక్షణ మొదలైన రోజు డిపో ఆవరణలోనే చుట్టూ తిప్పమన్నారు. తమాషా చూద్దామని డ్రైవర్లూ కండక్టర్లూ వెనక ఎక్కారు. ఆయనతో ఏళ్ల తరబడి ఒకే బండి మీద పనిచేసిన కండక్టరమ్మ ఎప్పటిలాగే నడవా మధ్యలో, చేతులు కట్టుకుని నిలబడింది. కమ్మీ పట్టుకోలేదు. వెన్నపూస బండిలో కమ్మీ ఎందుకు?

బస్సు చప్పుడు లేకుండా కదిలింది. వేగం అందుకుంది. ఆ వేగం దగ్గర పాత బండిలో గేరు మార్చాలి. ఎడమ కాలు ఎవర్నీ అడగలేదు. లేచి, క్లచ్ ఉండాల్సిన చోట ధన్‌మని తొక్కింది. ఖాళీ అనుకున్న ఆ చోటి అంచుదాకా వచ్చి ఉంది వెడల్పాటి బ్రేకు పెడలు. బస్సు గోడకి కొట్టుకున్నట్టు ఆగిపోయింది. నిలబడ్డవాళ్లంతా ఒకరి మీద ఒకరు పడ్డారు. కండక్టరమ్మ మొహం వెళ్లి కమ్మీకి తగిలింది. పెదవి చిట్లి రక్తం కారింది.

"ఇదేనా మన వెన్నపూస!" అన్నారు వెనక ఎవరో. పాత బస్సులో అయితే ఇంజిన్ మోతకి ఆ మాట ఆయన దాకా వచ్చేదే కాదు. ఈ బస్సులో గుసగుస కూడా వినబడుతోంది.

ఆయన లేచి ఆమె దగ్గరికెళ్లాడు. "దెబ్బ గట్టిగా తగిలిందామ్మా?" అన్నాడు.

"ఏం కాలేదులే అన్నయ్యా. కొత్త కదా" అంది ఆమె, కొంగుతో పెదవి అదుముకుంటూ. ఆ మాటకి ఆయన తల ఇంకా వంగిపోయింది.

రెండోసారి ఒళ్లంతా కళ్లు చేసుకుని నడిపాడు. ఎడమ కాలిని సీటు కిందికి లాగి పెట్టుకున్నాడు. బండి బాగానే నడిచింది. శిక్షణ ఇచ్చే అమ్మాయి పక్కన నిలబడి ఫరవాలేదన్నట్టు తలూపుతోంది. అంతలో ఆవరణలోకి కుక్క ఒకటి అడ్డంగా వచ్చింది. కుడి కాలు తన పని తాను చేసింది, బ్రేకు మీదికి వచ్చింది. దానికి తోడు ఎడమ కాలు కూడా సీటు కింద నుంచి ఎగిరొచ్చి దాని మీదే పడింది. కుక్క బతికింది. శిక్షణ అమ్మాయి చేతిలోని ఫోను అద్దానికి కొట్టుకుని కింద పడింది.

ఆ అమ్మాయి కోప్పడలేదు. పొద్దున్నుంచి ఇలాంటి కాళ్లతోనే వేగి వేగి ఆమె కూడా అలసిపోయి ఉంది. "బాబాయ్, మీరు ఆలోచిస్తున్నంతసేపూ బాగా నడుపుతున్నారు. ఆలోచన ఆగగానే కాలు నడుపుతోంది" అంది.

"బుర్రకి చెప్పాను తల్లీ. కాలికి ఎలా చెప్పాలో తెలియడం లేదు."

"వచ్చే వారం ఇంకొక్కసారి చూస్తాను. అప్పుడు కూడా ఇలాగే అయితే నా చేతుల్లో ఉండదు. నెలాఖరుకి డీజిల్ బండ్లన్నీ వెళ్లిపోతాయి. మిమ్మల్ని గేటు డ్యూటీకి వేస్తారు."

గేటు డ్యూటీ అంటే ఏమిటో ఆయనకి తెలుసు. వచ్చే బస్సుకి గేటు తెరవాలి, పోయే బస్సుకి తెరవాలి. కాలికి శ్రమ లేదు, నిజమే. కానీ తను నడపాల్సిన బస్సులకి దారి వదిలి నిలబడే పని అది. ఎంత అలసిపోయినా ఆ అలసట తీరడానికి స్టీరింగ్ వదులుకోవాలని ఆయన ఏనాడూ అనుకోలేదు. కాస్త సుఖంగా నడుపుకోవాలనుకున్నాడు, అంతే. ఆ అంతే అన్నది కూడా ఎక్కువైపోయింది.

ఆ సాయంత్రం మొహం మాడ్చుకుని మిషన్ పక్కన స్టూలు మీద కూలబడ్డాడు. భార్య అడిగింది, చెప్పాడు. ఆవిడ జాకెట్టు చేతి కుట్టు ఆపలేదు. మోటారు గుయ్యిమంటోంది. కాసేపటికి, "కిందికి చూడండి" అంది.

చూశాడు. మిషన్ కింద ఆవిడ పాదాలు పాత ఇనప పెడలు మీద ముందుకీ వెనక్కీ ఊగుతున్నాయి.

"మోటారు పెట్టించాక ఈ పెడలుకి బెల్టు లేదు. తొక్కినా తిరిగేది ఏమీ లేదు. మరి ఎందుకు తీయించలేదో ఎప్పుడైనా అడిగారా?"

"లేదు" అన్నాడు. నిజంగానే గమనించలేదు. రోజూ ఆ పక్కనే కూర్చుని అన్నం తింటాడు.

"తీయించాను ఒకసారి. కాళ్లకి ఆధారం లేక చేతులు వణికాయి. కుట్టు వంకర పోయి ఒకావిడ జాకెట్టు పాడైంది. మళ్లీ బిగించుకున్నాను. నా కాళ్లు ఇప్పటికీ పనిచేస్తున్నామనే అనుకుంటున్నాయి. అనుకోనీయండి, నాకేం నష్టం? మీ కాలిని ఊరికే కూర్చోమంటే కూర్చోదండీ. దానికి తొక్కడానికి ఏదో ఒకటి ఇవ్వాలి."

"క్యాబిన్లో పెడళ్ల దగ్గర చీపురుపుల్ల కూడా పెట్టకూడదు. రూలు. మంచి రూలే, జారి బ్రేకు కిందికి పోతే కొంపలంటుకుంటాయి."

ఆవిడ మిషన్ ఆపింది. గుమ్మం దగ్గరున్న ఆయన బూట్ల వైపు చూసింది. లేచి వెళ్లి ఎడమ బూటు తెచ్చుకుని లోపల చెయ్యి పెట్టి కొలిచింది. కత్తిరింపుల సంచిలోంచి మందపాటి గుడ్డముక్కలు తీసి, ఒకదాని మీద ఒకటి వేసి, వేళ్ల కిందికి వచ్చేంత మెత్త ఒకటి కుట్టి బూటు అడుగున కదలకుండా నాలుగు టాకాలు వేసింది. "తొక్కాలనిపించినప్పుడల్లా వేళ్లతో దీన్ని నొక్కండి. కాలు నేల మీద నుంచి లేవకూడదు. తను ఊరికే ఉన్నానని దానికి తెలియకూడదు" అంది.

వారం రోజులు ఆయన ఇంట్లో బూట్లేసుకుని కుర్చీలో కూర్చుని గాల్లో స్టీరింగ్ తిప్పాడు. పక్కింటివాళ్లు కిటికీలోంచి చూసి ఏమనుకున్నారో ఏమో. వేగం అందుకున్నట్టు ఊహించుకుని మెత్త నొక్కడం, స్టాపు వచ్చిందని నొక్కడం. ఆవిడ వంటింట్లోంచి ఉన్నట్టుండి గిన్నె పడేసేది, ఉలిక్కిపడ్డప్పుడు కాలేం చేస్తుందో చూద్దామని. మొదట్లో లేచింది. లేచి నేలని తన్నింది. ఆఖరికి వచ్చేసరికి వేళ్లు ముడుచుకోవడంతో సరిపెట్టుకుంది. గిన్నెలకి సొట్టలు పడ్డాయి.

పరీక్ష రోజు బజారు రోడ్డు మీదికే తీసుకెళ్లమన్నారు. కండక్టరమ్మ కూడా వచ్చింది, ఎవరూ పిలవకుండానే. పెదవి మానింది గానీ చిన్న మచ్చ నిలిచిపోయింది. మలుపు దగ్గర తోపుడుబండి ఒకటి చూసుకోకుండా రోడ్డు మధ్యకి వచ్చేసింది. బస్సుకి చప్పుడు లేదు కదా, వెనక ఏముందో ఆ బండివాడికి తెలియలేదు. ఎడమ కాలి వేళ్లు మెత్తని పిండేశాయి. కాలు లేవలేదు. కుడి కాలు ఒక్కటే బ్రేకుని మెల్లగా అదిమింది. బస్సు ఆగింది. ఎవరూ తూలలేదు.

"సరే బాబాయ్" అంది శిక్షణ అమ్మాయి. ఆ రెండు మాటలకి ఆయన చెమటలో తడిసిపోయాడు.

నెల తిరిగింది. డీజిల్ బండ్లు వెళ్లిపోయాయి. ఆయన కొత్త బస్సు మీద డ్యూటీ ఎక్కాడు. మొదటి రోజే చార్జింగ్ పాయింటు దగ్గర ముందు బస్సు కదలక, తన వంతు కోసం ఎండలో కాచుకున్నాడు. అన్నం చల్లారి గట్టిపడింది, పెట్టుకోవడానికి వేడి మూత లేదు. మోకాలు మాత్రం నొప్పి పెట్టలేదు, ఆ ఒక్కటీ ఒప్పుకోవాలి. కానీ ఎడమ కాలి వేళ్లు సాయంత్రానికి తిమ్మిరెక్కిపోతున్నాయి. పని లేని కాలు రోజంతా పనిచేస్తోంది.

అది ఆయన ఓర్చుకోగలడు. ఓర్చుకోలేనిది వేరే ఉంది. లోపలి అద్దంలో కండక్టరమ్మ కనిపిస్తుంది. టికెట్లు కొడుతున్నప్పుడు కూడా ఆమె ఎడమ చెయ్యి కమ్మీని వదలడం లేదు. ఆయన మలుపులన్నీ మెత్తగా తిప్పాడు. స్టాపులన్నీ మెత్తగా ఆపాడు. అయినా ఆ చెయ్యి వదల్లేదు. రోజులు గడిచినా అంతే.

చివరి స్టాపులో జనం దిగిపోయాక, టీ తాగుతూ ఆగలేక అడిగేశాడు. "నా మీద నమ్మకం పోయింది కదమ్మా నీకు?"

ఆమె తెల్లబోయింది. "అదేం మాట అన్నయ్యా?"

"కమ్మీ పట్టుకునే నిలబడుతున్నావు. అద్దంలో చూస్తూనే ఉన్నాను."

ఆమె తన చేతి వైపు చూసుకుంది, వేరే ఎవరి చెయ్యో అన్నట్టు. చెయ్యి తడుముతూ, "మీ మీద నమ్మకం అలాగే ఉంది. వదిలెయ్యమని రోజూ చెబుతున్నాను దీనికి. ఇదే వినడం లేదు" అంది.

గ్లాసులు ఇచ్చేసి ఇద్దరూ బస్సెక్కారు. జనం ఎక్కారు, నిండారు. బజారు రోడ్డు వచ్చింది. ఆయన అద్దంలోకి చూశాడు. కండక్టరమ్మ చెయ్యి కమ్మీ మీద నుంచి కొంచెం లేచింది. గాల్లో నిలబడింది. మలుపు దగ్గర పడగానే మళ్లీ గబుక్కున వెళ్లి కమ్మీని పట్టుకుంది. ఆయన చిన్నబుచ్చుకోలేదు. బూటులో ఆయన కాలివేళ్లు కూడా సరిగ్గా అప్పుడే ముడుచుకున్నాయి.