నారుమడిలో ఆగిపోయిన మిల్లులు

నేను చెప్పేదాంట్లో సగం కోసేసి వినాలని మా వాళ్లందరికీ తెలుసు. కోదాడ హైవే మీద లారీ పోయిన గాలికి నా తడి చొక్కా ఆరడమే కాదు, ఇస్త్రీ కూడా అయిందని చెప్పినవాణ్ణి. అందుకే ఆ యాసంగి వరి పంటప్పుడు నేను నోరు తెరిచి నిజం చెబితే ఒక్కరూ నమ్మలేదు.

మా అక్కా బావలకు చిలుకూరు దగ్గర పొలం ఉంది. చలికాలంలో అక్కడ నారుమడి మీద రాత్రిపూట పట్టా కప్పి, తెల్లారగానే తీసేస్తారు. అందరూ పలచని తెల్ల ప్లాస్టిక్ కప్పితే మా బావ వడ్ల కుప్పల మీద కప్పే నల్లటి టార్పాలిన్ కప్పాడు. సూర్యాపేటలో మా ఇంటి పెళ్లికి వస్తూ, "ఎచ్చగుంటది, ఉండనీ" అని దాన్ని తీయకుండానే వచ్చాడు. పెళ్లి లడ్డూలు అయిపోయేదాకా మా ఇంట్లోంచి కదల్లేదు.

తిరుగు ప్రయాణంలో నేనూ వెంట వెళ్లాను. పట్టా ఎత్తితే నారంతా నలుగు పెట్టిన పెళ్లికూతురిలా పసుప్పచ్చగా ఉంది. అక్క గట్టు మీద కూలబడింది. కాలువకు నీళ్లు వదిలారు. మళ్లీ విత్తనం చల్లి నారు పెంచేలోపు నాట్ల అదును దాటిపోతుంది. ఈ నారు చస్తే ఆ పంట లేనట్టే.

"యూరియా తక్కువైంది," అంటూ బావ బస్తా తేవడానికి బండి తీశాడు. మా వైపు ఆకు రంగు పోతే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది అదే.

"ఆగు బావా, జర ఇను. ఆకు కణాలల్ల కంటికి కనవడని ఆకుపచ్చ మిల్లులుంటయి. మిర్యాలగూడల బియ్యం మిల్లులు ఉన్నన్ని ఒక్క ఆకు కొసల్నే ఉంటయి. వాటికి ఎండే కరెంటు. నీళ్లు, గాలి కలిపి తిండి తయారుజేస్తయి. నువ్వు నల్ల పట్టా కప్పి కరెంటు తీసేసినవ్."

"మొదలువెట్టిండు! నీ మిల్లుల తవుడు గూడ వస్తదా బామ్మర్దీ?"

"నవ్వకు. మిల్లుల పక్కన పొయ్యిలుంటయి. అవి చీకట్ల గూడ మండుతనే ఉంటయి. గింజల దాసుకున్న తిండంత వాటికే అయింది. ఇప్పుడు యూరియా ఏస్తే సత్తువ లేని నారు మాడిపోతది."

"నారు పోతాంటే నీ కతలేంది తమ్మీ?" అక్క కళ్లొత్తుకుంది.

నేను టార్పాలిన్ మడతపెట్టబోయాను. ఒకచోట ఎలుకలు కొరికిన చిల్లు ఉంది. మడిలో దాని కింద ఉన్నచోట, అరచేయంత మేర, నారు నిగనిగలాడుతూ ఆకుపచ్చగా ఉంది. అక్కకు చూపించాను. ఆమె పట్టాను మళ్లీ పరిచి, చిల్లులోంచి తొంగిచూసి లేచింది.

"గీ జాగల యూరియా ఎవరేసిన్రయ్యా?" అని బావను అడిగింది.

బావ బండి తాళం జేబులో వేసుకున్నాడు.

పట్టా తీసి మడికి తడి పెట్టాం, అంతే. తరువాతి రోజుల్లో అక్క బావతో మాట్లాడలేదు. నాకు ఒక్క అబద్ధమూ తోచలేదు, అన్నం కూడా సరిగా ఎక్కలేదు. ఒక పొద్దున కొత్తగా లేచిన ఆకు కొసలు ఆకుపచ్చకు తిరిగాయి. ఆ తర్వాత మడి మడంతా తేరుకుంది. అక్క బావకు చాయ్ ఇచ్చింది.

నాట్లనాడు బావ గట్టు మీద నిలబడి కూలీ ఆడవాళ్లకు చెబుతున్నాడు: "ఒక్కో ఆకుల మిర్యాలగూడ అంత ఊరుంటది. మిల్లులు, పొయ్యిలు, గుమస్తాలు..."

"గుమస్తాలుండరు బావా," అన్నాను.

"నీకేం ఎర్క, ఊకో!"

ఒక ముసలామె నారుకట్టను చెవి దగ్గర పెట్టుకుని, మిల్లు మోత వినిపిస్తుందేమోనని కాసేపు అలాగే నిలబడింది.