ముప్పై ఒకటో శ్లాబుకు పోసిన నీళ్లు

ఆ భవనం నలభై అంతస్తులదని గేటు దగ్గరి బోర్డు చెప్పేది. పునాది గొయ్యి తవ్వడానికే ఏడాది పట్టింది. అందులో మొదటి కాంక్రీటు పోసిన మర్నాటి నుంచి దానికి నీళ్లు కట్టిన మనిషిని అందరూ నీళ్లక్క అనేవారు. కొత్త కాంక్రీటు పైకి గట్టిపడినట్టు కనిపించినా లోపల పచ్చిగానే ఉంటుంది. రెండు వారాలు తడి ఆరకుండా చూడకపోతే బీటలు వారుతుంది. శ్లాబు మీద రెండు వేళ్ల ఎత్తున గట్లు పెట్టి, మళ్లు చేసి, నీళ్లు నింపాలి. స్తంభాలకు గోనెసంచులు చుట్టి తడపాలి. అదీ ఆమె పని. ఆమెతో పాటు మరో ఐదుగురు ఆడవాళ్లుండేవారు. వాళ్లలో ఒకతె ఆమె తోటికోడలు, మరిది పెళ్లాం. ఇన్నాళ్లుగా పోస్తూనే ఉన్నాం, ఇది కాపుకొచ్చేదెప్పుడక్కా అని ఆ పిల్ల అందరినీ నవ్వించేది.

నాలుగో అంతస్తు దగ్గర రెండు సంగతులు జరిగాయి. కడ్డీలు కట్టే పనిలో ఉన్న నీళ్లక్క భర్త పరంజా మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. కంపెనీ వైద్యం చేయించి, ఆమె పనిలో ఉన్నన్నాళ్లూ రేకుల షెడ్డులో గది ఉంచుకోమంది. పని పోతే ఆ సాయంత్రానికల్లా ఖాళీ చెయ్యాలి. రెండో సంగతి, ఆ హడావిడిలో ఒక మడి ఎండిపోయింది. సూపర్‌వైజర్ ఆమె చేత చెప్పులు విప్పించి, మిట్టమధ్యాహ్నం ఆ మడిలో నిలబెట్టాడు.

"శ్లాబుకు ఎలా ఉంటుందో నీ కాళ్లకు తెలియాలి" అన్నాడు.

అరికాళ్లు బొబ్బలెక్కాయి. ఆ తర్వాత ఇరవై ఆరు అంతస్తుల్లో ఒక్క మడి ఎండలేదు.

ఆమె ప్రతి సాయంత్రం పైనుంచి దిగొచ్చి భర్తను పక్కకు తిప్పి, వీపు తుడిచి, పుళ్లకు మందు రాసేది. అతనికి కాళ్లు పోయినా నోరు పోలేదు. ఇవాళ ఎన్ని అడుగులు మొలిపించొచ్చావే అని అడిగేవాడు. నువ్వు పోస్తేనే బిల్డింగు లేస్తోందనుకుంటున్నావా, నువ్వు పొయ్యకపోయినా లేస్తుంది, లేవనిది నేనొక్కణ్నే అనేవాడు.

ముప్పై ఒకటో అంతస్తుకు వచ్చేసరికి ఇంజనీరు తెల్లటి మందొకటి తెప్పించాడు. శ్లాబు పోసిన రోజే ఒకసారి చల్లితే లోపలి తడి బయటికి పోకుండా పొర కడుతుందట. సగం శ్లాబుకు మందు, సగానికి నీళ్లు అన్నాడు. ఇరవై ఎనిమిదో రోజున పరీక్ష. రెండు సగాలూ సమానంగా నిలిస్తే ఇక నీళ్లవాళ్లతో పనిలేదు. ఆ మాట ఆడవాళ్ల ముందే చెప్పాడు. గది నిలబడాలంటే ఆమె చెయ్యవలసింది ఒక్కటే. తన సగం తను తడుపుకుని, రెండో సగం జోలికి పోకుండా ఉండాలి.

మూడో రోజు మధ్యాహ్నం మందు సగంలో, పొర సరిగా అంటని చోట, వెంట్రుకంత బీటలు కనిపించాయి. ఆమెకు ముందు సంతోషమే కలిగింది. తన మళ్ల దగ్గరికి తిరిగొచ్చింది. ఎండ నిప్పులు చెరుగుతోంది. కాసేపటికి అరికాళ్లు మండుతున్నట్టనిపించింది. చూసుకుంటే చెప్పులు కాళ్లకే ఉన్నాయి. పైపు తీసుకెళ్లి బీటల మీద పెట్టింది. ఎందుకు పెట్టావంటే ఆమె చెప్పలేకపోయేది. జాలి కాదు, కాంక్రీటు మీద జాలేముంటుంది. అది భయం. అప్పటి నుంచి పదకొండు రోజులు, సూపర్‌వైజర్ భోజనానికి దిగిన ప్రతిసారీ, మందు సగానికి కూడా నీళ్లు పట్టింది.

పరీక్షలో రెండు సగాలూ సమానంగా నిలిచాయి. ఇంజనీరు సూపర్‌వైజర్ భుజం తట్టాడు. ఆ మధ్యాహ్నమే ఆమె సూపర్‌వైజర్ దగ్గరికెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేసింది. అతను దగ్గర్లో ఎవరైనా ఉన్నారేమోనని చుట్టూ చూశాడు.

"ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదయ్యా. మీకే."

"అయితే ఇక్కడే మింగెయ్. మందు కొట్టడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషివి నువ్వు. లేదూ, ఇంజనీరు దగ్గరికెళ్లి చెబుతానంటావా, చెప్పు. పరీక్ష చెడగొట్టినందుకు సాయంత్రానికి గది ఖాళీ చేద్దువు గాని."

భర్తకు చెబితే అతను పగలబడి నవ్వాడు. గోతిలో పడేవాడికి నిచ్చెన దొరికినట్టుందన్నాడు. ఆ తర్వాత నవ్వు ఆపి, "నిజం చెప్పాలని సరదాగా ఉంటే చెప్పుకో. నన్ను మాత్రం వీపున వేసుకుపోవాలి" అన్నాడు.

నలుగురు ఆడవాళ్లు వెళ్లిపోయారు. తోటికోడలిని ఊడ్చే పనికి వేశారు. నీళ్లక్క వీపున డబ్బా తగిలించుకుని, వెనక్కి నడుస్తూ, ముప్పై రెండో శ్లాబుకు మందు కొట్టింది. బీటలు వచ్చాయి. సూపర్‌వైజర్ సిమెంటు పాలు పూయించి కప్పేశాడు. ముప్పై మూడూ అంతే. మందు కొట్టాక ఆమె ఆ అంతస్తు వైపు మళ్లీ చూడటం మానేసింది.

ముప్పై నాలుగులో తోటికోడలు చీపురు పక్కన పెట్టి బకెట్లతో నీళ్లు మోసుకొచ్చి ఒక మూల తడపడం మొదలుపెట్టింది. శ్లాబు నోరు తెరిచిందక్కా, చూస్తూ ఎలా ఊరుకుంటాం అంది. నీళ్లక్క నాలుగు రోజులు చూసింది. తడిపిన మూల నున్నగా ఉంది, మిగతాదంతా పగిలింది. ఇంజనీరు పైకి వస్తే తేడా ఏమిటని అడుగుతాడు. అడిగితే ముప్పై ఒకటో శ్లాబు దాకా పోతుంది. ఐదో రోజు ఆమె దిగివెళ్లి సూపర్‌వైజర్‌కు చెప్పింది. అతను ఆ మూల పైపొర కూడా చెక్కించి, తేడా తెలియకుండా అంతటా సిమెంటు పాలు పూయించాడు. మధ్యాహ్నానికి తోటికోడలి పని పోయింది. ఆమెతో పాటు అక్కడే పనిచేసే మరిదినీ పంపేశారు.

నాలుగింటికి మరిది పెట్టె నెత్తిన పెట్టుకుని ముందు నడిచాడు. తోటికోడలు పరుపుచుట్టతో నీళ్లక్క గుమ్మం దగ్గర ఆగింది. ఎవరు చెప్పారో ఆమెకు తెలుసు. తిట్టలేదు.

"ముప్పై ఒకటిలో మందు సగానికి నువ్వు పైపు పెట్టడం నేను చూశానక్కా. అప్పుడే చెబితే మా అందరి పనీ నిలిచేది. బావగారిని ఎక్కడ పడేస్తారోనని నోరు మూసుకున్నా."

నీళ్లక్క తలుపు పట్టుకుని నిలబడింది. లోపలికి రమ్మనలేదు. తోటికోడలు పరుపుచుట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది.

లోపలి నుంచి భర్త, ఏమంటుందే అది అని అడిగాడు.

"ఏం లేదు. వెళ్తున్నామని చెప్పిపోయింది."

ముప్పై ఐదో శ్లాబు పొయ్యడం అయిందని పైనుంచి కబురొచ్చింది. ఆమె డబ్బా నింపుకుని ఎక్కింది.