సుభద్రమ్మగారి గుండిగలు

మా మాతృమూర్తి సుభద్రమ్మ గత గురువారం ఉదయం జగ్గయ్యపేటలోని స్వగృహంలో కన్నుమూసింది. నందిగామలో డ్యూటీ బస్సు కోసం నిలబడి ఉండగా అమ్మ పక్కింటి కామేశ్వరమ్మగారు ఫోను చేశారు. "బాబూ, అమ్మ పలకట్లేదయ్యా, తొందరగా రా!" నా నోట వచ్చిన మొదటి మాట, "పడిందా?" అని. పడలేదు. కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే వెళ్లిపోయింది. దుఃఖం కన్నా ముందు నాకు ఊరట కలిగింది. నా జాగ్రత్త వృథా కాలేదన్న ఊరట. అది తలచుకుంటే ఇప్పుడు సిగ్గుతో కుంచించుకుపోతున్నాను.

నేను సిమెంటు ఫ్యాక్టరీలో భద్రతాధికారిని. నడిచే దారిలో బోల్టు కనిపించినా కేకలేసే నోరు నాది.

అమ్మను అన్నపూర్ణ అంటే అతిశయోక్తి. ఆమె వండిపెట్టింది తక్కువ, వండుకోవడానికి ఇచ్చింది ఎక్కువ. మా వసారా నిండా ఇత్తడి గుండిగలు, గంగాళాలు, బేసిన్లు, నిలువెత్తు గరిటెలు. వీధిలో పెళ్లైనా, వ్రతమైనా మా గుమ్మం తొక్కాల్సిందే. తీసుకెళ్లిన గిన్నెను ఖాళీగా తిరిగివ్వకూడదన్నది మా వైపు ఆచారం. అడుగున ఇంత పులిహోరో, రెండు లడ్డూలో పెట్టి తెచ్చేవారు. తెచ్చినవాళ్లు ఊరికే పోతారా? పెళ్లికొడుకు ఉద్యోగం మొదలుకొని వంటవాడి చేతివాటం దాకా అన్నీ చెప్పి, కాఫీ తాగి మరీ కదిలేవారు. నాన్న పోయాక అమ్మకు దొరికిన సహవాసమంతా అదే.

గోడ తగాదాతో కామేశ్వరమ్మగారికీ అమ్మకూ రెండేళ్లు మాటల్లేవు. కూతురి నిశ్చితార్థానికి ఆవిడ పనిమనిషిని పంపి గిన్నెలు అడిగించారు. "మొహం చెల్లక మనిషిని పంపింది. ఇస్తావా?" అన్నాను. "పెద్ద గుండిగే ఇస్తారా. తీపి పెట్టి తేవాలిగా, ఆవిడే వస్తుంది చూడు" అంది అమ్మ. ఆవిడే వచ్చారు. ఇద్దరూ పొద్దుగూకేదాకా మాట్లాడుకున్నారు.

ఏడాది కిందట వసారాలో గరిటె కాలికి తగిలి అమ్మ తూలింది. గోడ పట్టుకుని నిలదొక్కుకుంది. నాకు ఆ మాత్రం చాలు. ఆదివారం ఉదయమే ట్రాలీ ఆటో తెచ్చాను.

"వద్దురా నాన్నా, ఓ మూలకి సర్దుకుంటాలే."

"తుంటి ఎముక విరిగితే ఎవరు చూస్తారు? నీకేం తెలీదు, ఊరుకో!"

డెబ్బై తొమ్మిదేళ్ల మనిషిని అలా కసిరాను. గుండిగలన్నీ పాత సామాన్ల కొట్టుకు తోలించాను. స్నానాల గదిలో పట్టుకోవడానికి కమ్మీలు బిగించాను, నేల మీద జారని పట్టాలు పరిచాను. వసారా అద్దంలా తయారైంది. ఫోటో తీసి బంధువులందరికీ పంపితే శభాష్ అన్నారు.

ఆ తర్వాత ఎప్పుడు వెళ్లినా వీధి తలుపు మూసే ఉండేది. ఎందుకమ్మా అంటే, "దుమ్మురా" అనేది. సిమెంటు ఊళ్లో ఆ మాట నమ్మడం తేలిక, నమ్మేశాను. అరుగు మీద మనుషులెవరూ కనిపించడం లేదేమని అడగాలని కూడా తోచలేదు.

మూడోనాడు పరామర్శకు వచ్చిన కామేశ్వరమ్మగారు నా పక్కన కూర్చుని కళ్లు తుడుచుకున్నారు. "చివర్లో అట్లా అయిపోయిందేంటయ్యా మీ అమ్మ? మా మనవడి అన్నప్రాసనకి గుండిగ అడిగితే, ఇచ్చీ ఇచ్చీ విసుగొచ్చింది, నేనే తీసేయించా అంది. అందరికీ అదే మాటంట. సరే, ఆవిడకి మనం బరువైపోయాం అనుకుని మేమూ రావడం మానేశాం."

నిజం చెప్పడానికి నోరు తెరిచాను. చుట్టూ బంధువులున్నారు. ఆవిడకు మంచినీళ్లు తెచ్చే నెపంతో లేచి లోపలికి వెళ్లిపోయాను.

అక్కడ చెప్పలేని మాట చెప్పడానికే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. నా మీద మాట పడకూడదని ఆ తల్లి తన మంచిపేరును తానే చెరుపుకుంది. ఆమెకు నేను సమర్పించగల అంజలి ఇదొక్కటే. అలా ఇచ్చే చేయి మా వీధికి మళ్లీ దొరకదు. మా వీధి వారందరికీ తల వంచి విన్నవించుకుంటున్నాను: అమ్మకు మీరు ఏనాడూ బరువు కాలేదు. ఆమె తనంతట తానుగా ఎవరికీ లేదనలేదు. ఆమె చేత లేదనిపించింది నేను.