చిన్నాయనకు వినపడదనుకుని

నాయన పోయి ఏడాది తిరగకముందే అమ్మ చిన్నాయనను మారుమనువాడింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నగరానికి అవతలి వైపు అడాజన్‌లో ఒక గది అద్దెకు తీసుకుని, అమ్మను తెచ్చేసుకుందామని ఆ ఆదివారం మధ్యాహ్నం వడోద్‌లోని మా ఇంటికి వెళ్లాను.

చిన్నాయన గోడకు ఆనుకుని అన్నం తింటున్నాడు, నాయన కూర్చునే చోటే. నా ఒళ్లు మండింది. చిన్నప్పటి నుంచి మరమగ్గాల రొదలో బతికి ఆయన చెవులు పోయాయి. అరిస్తే తప్ప వినపడదు. అందుకే ఆయన ఎదుటే, గొంతు తగ్గించి అమ్మను నిలదీశాను.

"సిగ్గనిపిస్తలేదా అమ్మా? కొడుకు లెక్క సాకిన మరిదినే చేసుకుంటివి. నాయిన నీకు యాదికే లేడా?"

అమ్మ కూడా గొంతు తగ్గించింది.

"యాదికి లేకపోవుడేంది కొడుకా? మీ చిన్నాయన డ్యూటీ దిగొచ్చి మెట్లెక్కుతుంటే అచ్చం మీ నాయిన అడుగులే. గట్లనే ఎడమకాలు ఈడ్సుకుంట వస్తడు. మీ నాయినే వచ్చిండని ఉరికి తలుపు తీస్త. తీస్తే ఈయన. దినాం నాకు మీ నాయిన ఒకపారి బతికొస్తడు, ఒకపారి సచ్చిపోతడు. ఆ అడుగుల కోసమే చేసుకున్న. ఈయనకు చెప్పకు, మనసు కష్టపడతది."

తలుపు వైపు చూడాలంటే భయమేసింది. నాయన కోసం నేను ఏడ్చాను గానీ, ఇట్లా ఎప్పుడూ ఎదురుచూడలేదు. అమ్మ మీద కోపం చల్లారి, ఆ చోట దిగులు కూర్చుంది.

చిన్నాయన కంచంలో చెయ్యి కడుక్కున్నాడు. మగ్గాల దగ్గరి అలవాటు కొద్దీ గట్టిగా అన్నాడు.

"సాంచల కాడ, ఆ మగ్గాల రొదల, ఎవ్వని మాట ఎవ్వనికి వినపడది బిడ్డా. పెదవులు సూసి మాట్లాడుకునుడే. మీ అమ్మ చెప్పింది నాకు ఎప్పటిసంది ఎరికే. నా కాలుకు ఏం కాలే. అన్న పోయినసంది నేనే ఆయన లెక్క ఈడ్సుకుంట ఎక్కుత. గట్లనన్న ఆమె సంబురంగ తలుపు తీస్తదని."

అమ్మ ముఖం పాలిపోయింది. ఆయనకు తెలుసని ఆమె కలలో కూడా అనుకోలేదు. మెల్లగా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ చాటు నుంచి నాకొక్కడికే వినపడేట్టు అంది.

"నన్ను తీస్కపో కొడుకా. ఇంక మెట్ల మీద మీ నాయిన రాడు."

నేను వచ్చింది ఆ మాట కోసమే. తీసుకుపోతానని అనడానికి నోరు రాలేదు. చిన్నాయన నా పెదవుల వైపే చూస్తున్నాడు.