మామ చేతికెత్తుకోని సాలీడు

పోయిన మంగళవారం పొద్దున సింగానల్లూరు నుంచి అత్త ఫోన్ చేసి, మామ ఇక లేడని చెప్పింది. నేను అవినాశిలో బనియన్ల కంపెనీకి పోయే బస్సులో ఉన్నాను. అక్కడే దిగి, కోయంబత్తూరు బస్సెక్కాను.

మా అమ్మ తమ్ముడాయన. నూలు మిల్లులో మెషీన్లు బాగుచేసేవాడు. నేను బడిలో ఉండగా మిల్లు మూతపడితే, ఇంటి వెనక రేకుల గదిలో గాజుపెట్టెలు పెట్టి తేళ్ళను సాకడం మొదలుపెట్టాడు. తల్లితేలు పిల్లల్ని వీపున మోసే తీరు నాకు చూపించింది ఆయనే. ఊరికే కూర్చుని చూడటమంటే ఏమిటో ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

తర్వాత్తర్వాత చిన్నమనూరు నుంచి వచ్చిన కొబ్బరికాయల లోడులో అరచెయ్యంత బొచ్చు సాలీడు దొరికింది. అదంటే ఆయనకు ప్రాణం. తొమ్మిదేళ్ళు పెంచి, ఒక్కసారి కూడా చేత్తో తాకలేదు. పెట్టె కడగాలంటే మెత్తని కుంచెతో తోసి డబ్బాలోకి ఎక్కించేవాడు. కరుస్తుందని భయమా అని వచ్చినవాళ్ళు నవ్వేవారు.

"ముట్టుకుంటే మనకు సంతోషం. దానికేముండాది?" అనేవాడు.

రెండేళ్ళ కిందట ఒక ఆదివారం ఆయన ఆస్పత్రికి పోయినప్పుడు, దాన్ని నా కూతురి చేతిమీద పెట్టి ఫోటో తీయాలని నాకు బుద్ధి పుట్టింది. ఎనిమిదేళ్ళ పిల్ల వద్దంది. నేనే మూత తీసి, దాన్ని పిల్ల అరచేతిమీదికి తోశాను. సాలీడు మోచేతిదాకా పరుగెత్తింది. పిల్ల చెయ్యి విదిలించింది. సిమెంటు నేలమీద పడి దాని పొట్ట పగిలింది.

ఎవరు తీశారని మామ అడిగితే, పిల్లేనని చెప్పాను. తను నా ముఖంకేసి చూసింది గాని కాదనలేదు. ఆయన నేలమీద కూలబడి చాలాసేపు దాన్నే చూశాడు.

"ఏడవొద్దు కణ్ణూ. నువ్వూ భయపడినావు, అదీ భయపడింది" అన్నాడు చివరికి, పిల్లతో.

ఆ వారమే తేళ్ళన్నిటినీ కొండ కింద రాళ్ళలో వదిలేసి వచ్చాడు. మళ్ళీ ఏదీ పెంచలేదు. నూలు దుమ్ముకు చెడిన ఊపిరితిత్తులు ఏడాదిలో మంచం పట్టించాయి. నిజం చెప్పాలని మూడుసార్లు పోయి, కాఫీ తాగి తిరిగొచ్చాను. ఆఖరిసారి, "పిల్లను తిట్టొద్దురా" అన్నాడు. అప్పుడూ తల ఊపాను. ఇప్పుడు మీకు చెప్పి ఏం లాభం?

ఆయన్ను హాల్లో చాపమీద పడుకోబెట్టారు. మధ్యాహ్నానికి నా భార్య పిల్లను తీసుకుని వచ్చింది. తాత కాళ్ళు ముట్టి మొక్కుకొమ్మని అత్త నా కూతుర్ని పిలిచింది. పిల్ల దగ్గరిదాకా వచ్చింది. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని, అట్లాగే నిలబడిపోయింది.