మూడు ప్రెస్సుల గేట్లు

ఆ గ్రామఫోను రికార్డుల ఫ్యాక్టరీలో ఆమెను అందరూ చెవులమ్మ అనేవారు. అచ్చయిన రికార్డుల్లో కొన్నింటిని తీసి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని రెండు వైపులా వినడం ఆమె పని. పద్దెనిమిదేళ్లలో చిన్న గరగర కూడా ఆమెను దాటి బయటికి పోలేదు. తల్లి పోయాక తానే పెంచిన తమ్ముణ్ణి అక్కడే పనిలో పెట్టించింది. అద్దం గోడకి అవతల రికార్డులు అచ్చొత్తే మూడో ప్రెస్సు అతనిది.

ఆ నెల ఒక మెటల్ బ్యాండు ఆల్బమ్ అచ్చుకొచ్చింది. గిటార్ల హోరు, దాని వెనక వయొలిన్లు, నలభై గొంతుల కోరస్. చనిపోయిన తమ్ముడి కోసం పాతాళానికి దిగిన ఒక అక్క పురాణగాథ అది. ఆమె తమ్ముడికి ఆ బ్యాండంటే పిచ్చి.

“అక్కా, రెండో రికార్డు విన్నావా? ఒళ్లు జలదరించలా?”

“నాకు పాటెక్కడ వినబడుతుందిరా, గీతలే వినబడతాయి” అని నవ్వేది.

విడుదల ముంచుకొచ్చింది. ఒక పొద్దున రికార్డు మార్చడానికి హెడ్‌ఫోన్లు తీసినప్పుడు ఆమెకేదో వెలితి అనిపించింది. ప్రెస్సు మూసుకునే ముందు చేతులకు అడ్డంగా ఇనప గేటు పడి టక్కుమనాలి. మూడు ప్రెస్సులూ నడుస్తున్నాయి, ఆ టక్కు మాత్రం లేదు. పని వేగం కోసం గేట్లు ఎత్తి కట్టేశారని అర్థమై లేచి నిలబడింది.

“ఏమ్మా, లేచావు? సాయంత్రానికి లారీ కదలాలి” అన్నాడు గుమ్మంలో సూపర్‌వైజర్.

ఆమె కూర్చుంది. మధ్యాహ్నం కాకముందే తమ్ముడి కేక వినబడింది. కుడిచేతి వేళ్లు నాలుగూ పోయాయి.

“గేటు వాడే కట్టుకున్నాడు. నీకేం తెలీదని సంతకం పెట్టు చాలు” అంటూ సూపర్‌వైజర్ కాగితం జరిపాడు. ఉద్యోగం కళ్లముందు మెదిలింది. పెట్టింది.

తొమ్మిది రోజులు ముద్ద దిగలేదు. పదో రోజు, ప్రమాదంపై విచారణ జరుపుతున్న అధికారి దగ్గరికి తానే వెళ్లింది.

“నేను రాసిచ్చింది అబద్ధమండీ. ఆ పొద్దున మూడు ప్రెస్సులకీ గేటు చప్పుడు లేదు. మా తమ్ముడొక్కడే మూడింటికీ ఎందుకు కడతాడండీ?”

“మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?”

“ఉద్యోగం పోతుందని భయపడ్డానండీ.”

తప్పు తమ్ముడిది కాదని తేలింది. వారం తిరక్కుండా ఆమె ఉద్యోగం ఊడింది. విచారణ కాగితాలు చదివిన తమ్ముడు వంటింటి గుమ్మంలోకి వచ్చాడు.

“నీకు ముందే తెలుసా అక్కా?”

“తెలుసురా.”

“ఎంతసేపటి ముందు?”

“రెండు గంటలు.”

మర్నాడు ఎడమచేత్తో సంచి సర్దుకుని వేరే అద్దె గదికి వెళ్లిపోయాడు.

ఆల్బమ్ అనుకున్న రోజుకే విడుదలైంది. ఇప్పుడామె ఒక లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతోంది. ఆదివారాలు తమ్ముడి గదికి వెళ్తుంది. తలుపు తీస్తాడు, పలకరించడు. చొక్కా గుండీలు పెట్టుకోలేక అవస్థ పడుతుంటే చెయ్యి చాస్తుంది. అతను గోడవైపు తిరిగి, ఒక్కో గుండీ తానే పెట్టుకుంటాడు.